నీ ఫొటో అంటించిన నవల

బతికున్నంత కాలం "మీరు" అన్నాను. ఇవాళ నీ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఇకనుంచి "నువ్వు".

నా నవల అచ్చయింది. నువ్వు నీళ్లపొయ్యిలో పెట్టిన కాగితాలనే మళ్లీ కూర్చుని రాశాను. హైదరాబాదులో ఒక లిటరరీ ఏజెంటు చదివి, "భర్త పేరు మార్చారా?" అని ఫోన్లో అడిగింది. మార్చానన్నాను. "మరి దెబ్బలు?" అంది. అవి మార్చలేదన్నాను. పబ్లిషర్ని ఆమే వెతికిపెట్టింది.

ఇవాళ భోజనాలకు వచ్చినవాళ్లకు భగవద్గీత పంచుదామనుకున్నాడు మీ అన్నయ్య. నా నవల వచ్చిందని చెప్పాను, అంతే. "మనింటి కోడలే రాస్తే బయటి పుస్తకం ఎందుకంట?" అని రొంపిచెర్లకంతా సరిపడా తెప్పించాడు. అట్ట తిప్పగానే కనపడేలా నీ ఫొటో, కింద "జ్ఞాపకార్థం" అని స్టిక్కర్లు అంటించారు. చదివే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా కొడుకు గురించి చానా ప్రేమగా రాసుంటావులే తల్లీ" అని ఏడ్చింది. ఆమె పట్టుకున్నది నువ్వు విరిచిన చెయ్యి. అదెలా విరిగిందో మూడో అధ్యాయంలో ఉంది.

"ఏమే, నీ రాతలు ఎవడు చదువుతాడే?" అనేవాడివి కదా. మీ వాళ్లేనయ్యా. ఒక్కటి మిగల్చకుండా పట్టుకెళ్లారు, నీ ఫొటోకి దణ్ణం పెట్టుకుని మరీ.