ఖాళీగా రాని గిన్నెలు

జహనుమా,
4 జూన్ 1932

చి.ల.సౌ. విమలాదేవిని అక్క కళావతి ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము బాగున్నాం. అక్కడ మీరు బాగాలేరని తెలిసి రాస్తున్నాను.

పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో మరిది బసవయ్యకు జీతం సగం చేశారని కట్టెలమ్మే రాజన్న చెప్పాడు. ఈ గడ్డు రోజుల్లో పురానాపూల్‌లో అంత కిరాయి పెట్టి ఎందుకుండాలి? మా ఇంట్లో వెనక గది ఖాళీ. వచ్చేయండి. నీళ్ళు మాత్రం నేను తోడుకున్నాక తోడుకోవాలి, పొయ్యి నేను వండుకున్నాక వాడుకోవాలి. అంతకు మించి నియమాలేం లేవు.

మాకు దేవుడి దయ. పొద్దుపోక చేసే సకినాలు ఇప్పుడు నాలుగు డబ్బులు తెస్తున్నాయి. వాడకట్టంతా నా చేతివే కావాలంటున్నారు. నీకూ తీపి గరిజెలు చేసే సరదా ఉండేది కదా. కొనేవాళ్ళుంటారో లేదో మరి.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క

తా.క.: వెనక గది కిటికీ తెరవకూడదు. పక్కింటి మేక తల లోపల పెట్టి, దొరికింది తినిపోతుంది. మిగతా అంతా సుఖమే.


పురానాపూల్,
15 జూన్

మహాలక్ష్మీ సమానురాలైన అక్కయ్యకు విమల నమస్కరించి రాయునది. నీ ఉత్తరంతోనే కడుపు నిండిపోయి ఆ పూట అన్నం తినలేదు.

నీ సకినాలు అమ్ముడుపోతున్నందుకు సంతోషం. సంతోషమని రాశానే గానీ, నిజానికి కళ్ళలో కారం పడ్డట్టుంది. నువ్వు నీళ్ళు తోడుకునేదాకా బిందె పట్టుకుని నేను నిలబడలేను. కిరాయి ఎట్లాగైనా కడతాం, ఈ ఇల్లు వదలం.

అందుకే నేనూ గరిజెలు మొదలుపెట్టాను. అంచు జడలా అల్లి, ఇత్తడి గిన్నెల్లో పెట్టి, తెల్ల గుడ్డ కప్పి గల్లీ అంతా పంపుతున్నాను. మొదట కావాలన్నది ఎదురింటి మహబూబున్నీసా బేగం. "ఎంతియ్యాలె?" అని అడిగితే మొహమాటపడి "మీ ఇష్టం" అన్నాను. అందరికీ అదే మాట అయిపోయింది. వాళ్ళ ఇష్టం మామూలుగా లేదక్కా. వెళ్ళిన గిన్నె ఒక్కటీ ఖాళీగా తిరిగి రావడం లేదు.

ఇట్లు,
విమల

తా.క.: మీ మరిది పది రోజుల్లోనే లావయ్యారు. అంగీ బొత్తాలు అందడం లేదు.


జహనుమా,
22 జూన్

చి.ల.సౌ. విమలను, ఇప్పుడు భాగ్యవతి కూడా అయినదాన్ని, ఆశీర్వదించి రాయునది.

నిండి వస్తున్నాయా? నమ్మలేక రాజన్నను అడిగాను. "అవ్ తల్లీ, నేనే సూసిన. పట్టు రుమాళ్ళు గప్పి గిన్నెల మీద గిన్నెలు వస్తున్నయ్. తెచ్చే ముసలామెకు చేతులు గుంజుతున్నయంట. లోపలేమున్నదో నేనడగలే" అన్నాడు.

డబ్బుకు పట్టు రుమాలా? నేను ఆకు పొట్లం కట్టి ఇస్తే చేతిలో ఇన్ని డబ్బులు పెట్టి పంపిస్తారు. అంతే. నా పొట్లానికి ఎవరూ రుమాలు కప్పలేదు. అక్కను కదా, సంతోషించాలి. రావడం లేదే. నిన్నటి నుంచి వంటలో ఉప్పు మరిచిపోతున్నాను.

ఇట్లు,
కళావతి

తా.క.: నీ గిన్నెలు ఏపాటివి? అడిగానని మరిదికి చెప్పకు.


పురానాపూల్,
28 జూన్

అక్కయ్యకు నమస్కారం. ఆకు పొట్లం ఇస్తే చేతిలో డబ్బులు పెడతారన్న ముక్క పదిసార్లు చదివాను.

నువ్వు పెద్ద గిన్నెలే వాడు. గిన్నె ఎంత పెద్దదైతే అంత నిండుతుంది, ఇందులో అబద్ధం లేదు. మా ఇంట్లో పెట్టడానికి చోటు చాలడం లేదు. కొన్నిటికి చీమలు కూడా పట్టాయి. ఇంటి యజమాని బాబురావుగారు కిరాయికి వస్తే నిండు గిన్నెలన్నీ చూపించాను. ఎందుకో తృప్తిపడలేదు. వచ్చే నెలాఖరు దాకా గడువిచ్చి వెళ్ళారు.

ఇట్లు,
విమల

తా.క.: ఊరికే అడుగుతున్నాను, ఆ పొట్లాలకు ఏ ఆకు వాడతావు?


జహనుమా,
5 జూలై

విమలకు ఆశీస్సులు. మీ బాబురావుగారు ఎంత ఆశపోతు! అన్ని గిన్నెలు చూసీ తృప్తిపడలేదా?

వేరే దేనికో దాచిన డబ్బు తీసి డజను ఇత్తడి గిన్నెలు కొన్నాను. ఒక్కోదాంట్లో పసిపిల్లకు స్నానం చేయించొచ్చు. వాడకట్టులో ఇంక ఎవరికీ రేటు చెప్పను, "మీ ఇష్టం" అంటాను. ఇకనైనా నీకంటే రెండు మెట్లు పైనుంటాను. ఉత్తరంలో రాయకూడని మాట, అయినా రాశాను.

ఇట్లు,
కళావతి

తా.క.: మోదుగాకు. డబ్బుకే చీమలు పట్టే ఇంట్లో నీకు ఆకులెందుకే?


పురానాపూల్,
14 జూలై

అక్కయ్యకు నమస్కారం. గిన్నెలు పంపడం ఆపెయ్. ఎందుకని అడగకు. కార్డులో చోటుంది గానీ, చెప్పే ముఖం నాకు లేదు.

విమల


జహనుమా,
2 ఆగస్టు

ఆకు పొట్లాల విమలకు అక్క రాయునది. మీరు క్షేమమని తెలుసు. మా సంగతి విను.

ఆపమన్న నీ కార్డు చూసి, కుళ్ళుకుంటున్నావనుకుని రోజుకు రెండు వాయలు ఎక్కువ చేసి పంపాను. గిన్నెలు నిండుగానే వచ్చాయి. ఖర్జూరాలు, జామపండ్లు, సేమ్యా. డబ్బు ఒక్కటి లేదు. పక్కింటి షౌకత్ బీని నిలదీశాను. "గుడ్డ గప్పి గిన్నె పంపితివి. ప్రేమతోని పంపినవనుకున్నం. ఖాళీ గిన్నె వాపస్ జేస్తే మా ఇజ్జత్ ఏంగావాలె?" అంది. పొట్లమైతే బేరం, గిన్నె అయితే బంధుత్వమట. ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి, మనమూ ఏనాడూ ఖాళీ గిన్నె తిరిగి పంపనివాళ్ళమే అయినా, అంగడి పెట్టేసరికి ఇద్దరమూ మరిచిపోయాం.

నువ్వు మాత్రం నాకంటే ముందే తెలుసుకున్నావు. పొట్లాలు కట్టి నెలాఖరుకు కిరాయి కట్టేశావని రాజన్న చెప్పాడు.

ఇప్పుడు నా నిజం. గిన్నెలు కొన్నది మా ఇంటి కిరాయి డబ్బుతో. అసలు ఆ వెనక గదికి నిన్ను పిలిచింది ప్రేమతో కాదు. మీ బావగారి జీతం కూడా మార్చిలోనే సగమైంది. మీరొస్తే సగం కిరాయి మీ నెత్తిన వేద్దామనుకున్నాను. మీరు రాలేదు. ఉన్నది గిన్నెలపాలైంది. ఇంటి యజమాని తాళం అడుగుతున్నాడు.

శుక్రవారం పొద్దున బండి కట్టించుకుని మేమే మీ ఇంటికి వస్తున్నాం. నీళ్ళు నువ్వు తోడుకున్నాకే తోడుకుంటాను.

ఇట్లు,
నీ అక్క కళావతి

తా.క.: పెద్ద గిన్నెలే వాడమన్న నీ ఉత్తరం భద్రంగా తెస్తున్నాను. తలుపు తీయకపోతే గల్లీలో నిలబడి చదువుతాను. కోపంతో కాదులే. నీ చోట నేనుంటే నేనూ అదే రాసేదాన్ని, కాకపోతే గంగాళాలు కొనమనేదాన్ని.