వాన కబురు చెప్పే ఫోను

బాపూ,

నువ్వు పోయాక మనింట్లో ఇది తొలి పసుపు పంట. ఆఫీసుకు సెలవు పెట్టి ఇబ్రహీంపట్నం వచ్చి, వాన వచ్చేముందు అమ్మ ఫోనులో కేకేసే చిన్న ప్రోగ్రాం రాశాను. మిషన్ గొంతు వినగానే లోన్ ఇస్తామనేవాళ్ళేమో అనుకుని అమ్మ కట్ చేసింది. అందుకని పోయినేడు నువ్వు చేను నుంచి ఆమెకు పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాను: "మబ్బు వట్టింది, పసుపు కప్పుండ్రి!"

నిన్న మధ్యాహ్నం ఫోను అరిచింది.

"వస్తున్న, గంతగనం ఒర్రకు" అంటూ అమ్మ కళ్లంలోకి ఉరికి, ఆరబోసిన పసుపు మీద పరదాలు కప్పింది. ఒక్క చినుకూ పడలేదు. తప్పు నా కోడ్‌లోనే ఉంది. సరిచేద్దామని లాప్‌టాప్ తెరిస్తే అమ్మ ఆపింది.

"ఉండనియ్యి బిడ్డ. మీ బాపు గూడ గిట్లనే ఉత్తగ ఉరికిచ్చేటోడు."