బిగుసుకోకముందే

నవంబర్ 3, సోమవారం

పరిగెత్తాను. సిగ్గు విడిచి రాస్తున్నా — కాలేజీ గ్రౌండ్‌లో సగం చుట్టు కూడా కాలేదు. శ్రావణి నా ఫోన్‌లో ఏదో యాప్ ఎక్కించింది. అందులో ఎవరో ఆడమనిషి "రన్" అంటుంది, నిమిషానికి "వాక్" అంటుంది. నిమిషం ఇంత పొడుగని ముప్పై ఆరేళ్లకు తెలిసింది. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడితే మా ఆయన ఎరువుల దుకాణం తాళాలు తీసుకుంటూ — "ఏందే, ఎవరన్నా తరుముకొచ్చారా?" బడికి జడ వేసుకుంటున్న శ్రావణి పడీపడీ నవ్వింది. "అమ్మా, నీ మొగం చూసుకో ఒకసారి!" నేనూ నవ్వాను. ఎందుకు మొదలుపెట్టానో తండ్రీ కూతుళ్లిద్దరికీ చెప్పలేదు.

నవంబర్ 4

పిక్కలు రాళ్లయ్యాయి. గోడ పట్టుకుని మెట్లు దిగా. గోడ పట్టుకోగానే నాయన గుర్తొచ్చాడు. చటుక్కున చెయ్యి తీసేశా.

నవంబర్ 6

ఇక్కడన్నా రాసుకోవాలి. భయం. అంతే.

హనుమంతునిపాడు దగ్గర మా ఊరి బోరు నీళ్లు పెళ్లయ్యేదాకా తాగాను. ఎముకలు బిగదీసే ఫ్లోరైడ్ నీళ్లు. నాయన ఇంకా ముందు నుంచి తాగాడు. ఇప్పుడు నాయన మెడ తిరగదు... ఎవరన్నా పక్క నుంచి పిలిస్తే కర్ర ఊని మనిషంతా తిరగాలి. మొదలైనప్పుడు నాయనకు ఇంచుమించు నా వయసే. పోయిన నెల ఒక పొద్దున లేచి కిటికీ వైపు చూడబోతే నా మెడ పట్టేసింది. కాసేపే. తర్వాత వదిలేసింది. మళ్లీ రెండు మూడు సార్లు.

కీళ్లు ఆడుతూ ఉంటే బిగుసుకోవని నా అంతట నేనే తేల్చుకున్నా. ఏ డాక్టరూ చెప్పలేదు. అడిగితే ఇంకేం చెబుతాడోనని అడగలేదు.

నవంబర్ 8, శనివారం

గ్రౌండ్ నిండా కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు. వాళ్ల మధ్య నేనేంటని రోడ్డెక్కా. కార్తీక మాసం కదా, తెల్లవారకముందే శ్రీశైలం బస్సులు దోర్నాల వైపు బారులు. ఒక ఆటో పక్కన ఆగింది. "ఏమైందమ్మా, ఆస్పత్రికా? ఎక్కు ఎక్కు, డబ్బుల సంగతి తర్వాత." ఏం లేదన్నా, ఊరికే పరిగెత్తుతున్నా అంటే నమ్మడు. "ఊరికే ఎవురు పరిగెత్తుతారమ్మా! ఇంట్లో ఏమన్నా గొడవా?" మా సందు దాకా మెల్లగా నా వెంటే వచ్చాడు. పాపం, మంచివాడే. నేనే పరుగు ఆపేసి తల వంచుకుని నడిచా.

నవంబర్ 9

ఆటో అతను ఎవరితో అన్నాడో, అత్తకు చేరిపోయింది. "పరిగెత్తితే గర్భసంచి జారుతాది. ఉన్న పనికే నడుము పోతాంటే మళ్లా ఇదొకటా?" నడుము అనగానే ఉలిక్కిపడ్డా. ఆమె చూడలేదు.

నవంబర్ 11

ఎడమ మోకాలు. లోపల ఎక్కడో గుచ్చుతోంది. ఇది పరుగు నొప్పా, ఆ నొప్పా? కొత్తవాళ్లకు మామూలేనని వీడియోలో ఒకడు చెబుతున్నాడు. వాడు మా ఊరి నీళ్లు తాగాడా?

నవంబర్ 12

స్నానాల గదిలో గడియ పెట్టుకుని పరీక్ష చేసుకున్నా. చిన్నప్పుడు మా బడిలో డాక్టర్లు ఫ్లోరైడ్ క్యాంపు పెట్టి చేయించినవే — గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు తల వెనక కట్టుకోవాలి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవాలి. అప్పుడు క్లాసులో అందరికన్నా ముందు వంగింది నేనే.

గడ్డం ఆనింది, కొంచెం లాగింది. చేతులు సరే. వేళ్లు అందలేదు. మళ్లీ వంగా. అందలేదు. పొట్ట అడ్డమేమో. పొట్టే అయ్యుండాలి. దేవుడా, పొట్టే అయ్యుండాలి.

నవంబర్ 13

పరుగుకు పోలేదు.

నవంబర్ 15

పోయా. మూడు నిమిషాలు ఆగకుండా! యాప్‌లో ఆమె "వాక్" అన్నా వినలేదు. కాసేపు ఏ భయమూ లేదు, ఊపిరి తప్ప ఇంకేం లేదు. ఆగగానే చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

నవంబర్ 16, ఆదివారం

శ్రావణిని తీసుకుని ఊరికి పోయొచ్చా. దీని నోరు ఆగదు కదా. "తాతా, అమ్మ రన్నింగ్ చేస్తాంది!" నాయన తిడతాడనుకున్నా. "ఏదీ, పరిగెత్తు చూద్దాం" అన్నాడు. అమ్మ "ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు" అంటూనే ఉంది. ఇంటి ముందు మట్టిరోడ్డు మీద కందిచేల దాకా పోయి వచ్చా. శ్రావణి అరుగెక్కి అరుపులు, ఈలలు. నాయన నవ్వుతున్నాడనుకున్నా. దగ్గరికొచ్చి చూస్తే నవ్వడం లేదు.

వాళ్లిద్దరూ లోపలికి పోయాక మెల్లగా అడిగాడు.

"పొద్దున లేస్తానే మెడ పట్టేస్తాందా, తల్లీ?"

"లేదు నాయనా."

"పిల్ల పిలిస్తే తల తిప్పలేదు నువ్వు. భుజాలతో తిరిగినావు."

"పరిగెత్తుతా ఉన్నా గదా, అందుకని."

కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. తర్వాత — "నేను గూడ మీ అమ్మకు లేదనే చెప్పినా. రెండేండ్లు."

నవంబర్ 17

నిజంగా భుజాలతో తిరిగానా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. పరిగెత్తేటప్పుడు ఎవరైనా అలాగే తిరుగుతారేమో. పొద్దున గ్రౌండ్‌లో పరుగు మానేసి ఆ పిల్లల్నే చూస్తూ కూర్చున్నా. ఎవరో ఈల వేసి పిలిచారు. ఒకడు మెడ తిప్పాడు. ఇంకొకడు మనిషంతా తిరిగాడు. ఏం అర్థం కాలేదు.

నవంబర్ 18

మా ఆయనకు చెప్పేశా. అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది. "ఇన్ని దినాలు నాతో చెప్పకపోతే ఎట్లనే?" తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గురువారం ఒంగోలు పోదాం, ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయిద్దాం అన్నాడు. "అందాక ఆ పరుగు మాత్రం వద్దు." ఆయన గొంతులో కూడా భయమే.

నవంబర్ 20, గురువారం

బస్సుకు ఇంకా టైముంది. ఆయన స్నానానికి పోయాడు. వద్దన్నా బూట్లు వేసుకున్నా. వేసుకుని ఇలా వరండాలో కూర్చుని రాస్తున్నా. సాయంత్రానికి తెలిసిపోతుంది. తెలిశాక పరిగెత్తే ధైర్యం నాకు ఉంటుందా... తెలియకుండా పరిగెత్తడానికి మిగిలింది ఈ పొద్దు ఒక్కటే. అయినా లేవలేకపోతున్నా.

వెనక నుంచి శ్రావణి. "అమ్మా, ఇటు చూడు! ఎక్కడికి పోతన్నావ్?"

పలికాను. ఇంకా తిరగలేదు.