తల కదిలినా తీసిన ఫొటో

చిన్నమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. సౌదీలో ఈ అల్ ఖర్జ్ ఊళ్లో, ఆడవాళ్లకు ఆడవాళ్లే ఫొటోలు తీసే స్టూడియోలో, నన్ను ఉంచుకుంటారో పంపేస్తారో అని దిగులుపడుతుంటివి. ఆ దిగులు నిన్నటితో తీరింది.

కడపలో నీ స్టూడియో గోడకు ఒక ముసలాయన బొమ్మ అంటించింటివి. నూటయాభై ఏండ్ల కిందట ఇంగ్లీషు దొరసాని తీసిన ఫొటో. యాభైకి దగ్గరపడినాక ఆమె కెమెరా పట్టి, కోళ్ల గూడునే స్టూడియో చేసుకునిందంట. "మసగ్గా ఉందని మగోళ్లు ఎంత ఎగతాళి చేసినా ఆయమ్మ మారలేదే" అంటుంటివి. నేను నవ్వేదాన్ని.

నిన్న ఒక అవ్వ వచ్చింది. జబ్బు వల్ల ఆమె తల ఎప్పుడూ అల్లాడుతుంటుంది. ఎన్నిచోట్ల తిరిగినా ఫొటో కుదరలేదని కూతురు చెప్పింది. నేను లైట్లు ఆర్పి, అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కూతురిని తల పట్టుకోనీకుండా తీసినా. ఫొటో చెదిరింది. ఇంక పని పోయినట్టే అనుకున్నా.

కూతురు చాలాసేపు చూసి, "హాదీ ఉమ్మీ" అనింది. ఇదీ మా అమ్మంటే, అని. పక్కనే ఉన్న మా మేనేజరమ్మ నా భుజం తట్టి, ఇక్కడ ఉండేదానికి కావాల్సిన ఇకామా కాగితం రెన్యూ చేయిస్తానని చెప్పింది.

ఇక్కడ ఆడవాళ్ల ఫొటోలు మా దగ్గర పెట్టుకోకూడదు. ప్రింటిచ్చి, వాళ్ల ముందరే చెరిపేయాల. కాబట్టి నీకు చూపించేదానికి ఏమీ లేదు, నా మాటే నమ్ము.

మసగ్గానే ఉంది చిన్నమ్మా. నువ్వైతే గోడకు అంటించేదానివి.