పార్కు గేటు దగ్గర ఎండ క్రీము

ఏప్రిల్ 3

కౌన్సిల్ వాళ్ళ కాగితం వచ్చింది. పార్కు గేటు దగ్గర సన్‌స్క్రీన్ పెట్టె బిగిస్తారట. ఎవరైనా వచ్చి పంపు నొక్కి ఊరికే పూసుకోవచ్చు. ఏడు వారాల ట్రయల్. ఆ తర్వాత హాల్లో బహిరంగ చర్చ, ఓటింగు. గెలిస్తే సిటీలో అన్ని పార్కులకీ వస్తుంది. ఓడితే ఇక ఈ జన్మకి లేదు, నా జన్మకైతే మరీ లేదు.

దీనికోసం మూడేళ్ళు తిరిగాను. కారణం నా ఎడమ చెవి. పైభాగం డాక్టరు కోసి తీసేశాడు. మచ్చే కదా అనుకున్నాను, కాన్సర్ అన్నాడు. ఏం పని చేసేవాడివని అడిగాడు. ఈ పార్కులోనే తోటమాలినండీ, ముప్పై నాలుగేళ్ళు అన్నాను. అదీ సంగతి అన్నాడు. అప్పట్నుంచి కళ్ళజోడు ఎడమవైపు జారుతుంది, లోకం కాస్త ఒరిగి కనిపిస్తుంది. నిజంగానే ఒరిగిందేమో కూడా.

అర్జీలన్నీ లెక్కల మాస్టారు రాసిపెట్టారు. రిటైరయ్యాక పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బెంచీ. చెవి కోసినప్పట్నుంచి ఆయన నన్ను ముప్పావు అని పిలుస్తారు. ఏవోయ్ ముప్పావూ, వినపడుతోందా అంటారు. లెక్కల మనిషి కదా, సరిగ్గానే కొలిచారు. ఆయనది నున్నటి బట్టతల. అందుకని నీడ పడే కొస ఆయనకి, ఎండ కొస నాకు. పదింటికి నీడ జరుగుతుంది. పేపర్లో మునిగితే ఆయనకి నెత్తి మీద నిప్పులు పోసినా తెలియదు. జరగండి మాస్టారూ అని నేను చెప్పాలి. చెబుతాను, జరుగుతారు. పదకొండేళ్ళుగా ఇదే మా స్నేహం.

నాకు చదువు లేదని కాదు, బడి లేదు. అక్షరాలు విత్తనాల పొట్లాల మీద నేర్చుకున్నాను. తప్పులేకుండా చదివిన మొదటి వాక్యం పురుగుమందు డబ్బా మీదిది. ఒక పాలు మందుకు ఇరవై పాళ్ళ నీళ్ళు కలపవలెను. ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెబుతాను.

ఏప్రిల్ 9, ఉదయం

పెట్టె బిగించారు. పార్కుల ఆఫీసరు తాళం నా చేతిలో పెట్టి, మీరే చూసుకోండి పెద్దాయనా అన్నాడు. నలభై లీటర్ల క్రీము, నాలుగు డబ్బాలు. చర్చ అయ్యేదాకా ఇంకో చుక్క రాదట. మధ్యలో అయిపోతే, నడపలేకపోయాం అని రిపోర్టు రాసుకోవాల్సి వస్తుందట.

తాళం చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పారలు పెట్టే గది తాళం కూడా నాకు ఇచ్చినవాడు లేడు.

ఏప్రిల్ 12

బెంచీల మీద రోజూ సభే. బ్యాంకు మేనేజరు చేసి రిటైరైనాయన, ఇవాళ క్రీమంటారు, రేపు పౌడరు అంటారు, ఎల్లుండి దువ్వెన కూడా గవర్నమెంటే పెట్టాలంటారు అన్నాడు. ఎవరి తోలు వాళ్ళే కాపాడుకోవాలట. తలమీద టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, వాకింగ్ ఉదయం ఆరింటికే ముగుస్తుంది. ఎండంటే ఆయనకి కేలెండరులో చూసిన జ్ఞాపకం. ఐస్‌క్రీమ్ బండివాడు మాత్రం, పెట్టండి సార్, తెల్లముఖాలేసుకుని తిరుగుతుంటే నాకూ కాలక్షేపం అన్నాడు.

నేను నా చెట్ల సంగతి చెప్పాను. కొత్తగా నాటిన మొక్కకి ఎండదెబ్బ తగిలి బెరడు పగలకుండా కాండానికి సున్నం కొట్టాలి. ముప్పై నాలుగేళ్ళు కొట్టాను. చెట్లకెందుకు ఊరికే సున్నం, వాటి బెరడు అవే చూసుకోవాలి అని ఒక్కడూ మీటింగు పెట్టలేదు. సున్నం కొట్టినవాడికి మాత్రం చర్చ కావాలి.

మేనేజరు టోపీ సర్దుకుని లేచాడు. మాస్టారు, ఇదీ దెబ్బంటే ముప్పావూ అని తొడ మీద చరిచారు. ఆయన తొడ కాదు, నాది.

ఏప్రిల్ 16

పిల్లలు పంపు నొక్కి గోడ మీద బొమ్మలేశారు. ఒకావిడ ఇంటినుంచి షాంపూ సీసా తెచ్చి నింపుకుపోయింది. ఎనిమిది రోజులకే డబ్బా పైనే ఖాళీ.

ఏప్రిల్ 17

పంపు పట్టేసింది. క్రీము మరీ చిక్కన. విప్పి కడిగాను, మళ్ళీ పట్టేసింది. ఈ లెక్కన మే మొదటివారానికి అంతా సఫా.

నీళ్ళు కలిపాను. సగానికి సగం. కొమ్మ ముక్కతో గిలక్కొట్టాను. ఇందులో ఆలోచించడానికి ఏమీ కనిపించలేదు. పురుగుమందు గానీ, ఎరువు గానీ, సున్నం గానీ, డబ్బాలో వచ్చినదాన్ని నీళ్ళు కలపకుండా ఎవరైనా వాడతారా? అలాగే పోస్తే మొక్క చస్తుంది. పంపు ఇప్పుడు వెన్నలా నడుస్తోంది.

పదకొండున్నరకి మాస్టారికి చెప్పాను. పగలబడి నవ్వారు. నువ్వు పాలవాడిగా పుట్టాల్సినవాడివోయ్ అన్నారు. ఈ మాట బెంచీ దాటదులే అని కూడా అన్నారు. దాటకూడదని నేను అడగనేలేదు.

ఏప్రిల్ 18

అందరికీ సరిపోతోంది.

మే 2

పార్కు ఊడ్చే అమ్మాయి ఇవాళ పెట్టె దగ్గర ఆగింది. అమ్మాయంటే నలభై ఐదుంటాయి, నాకు అమ్మాయే. నేను ఉద్యోగంలో ఉండగానే చేరింది, బాబాయ్ అని పిలుస్తుంది. ఉదయం ఏడు నుంచి మూడు దాకా ఎండలోనే ఆమె డ్యూటీ. మెడకీ చేతులకీ గుడ్డ చుట్టుకుని ఊడ్చేది. ఇవాళ గుడ్డ లేదు. ఎందుకు బాబాయ్ ఆ ఉక్కపోత, నువ్వు పెట్టించావుగా క్రీము, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి పూసుకుంటున్నా, మెడకి గాలి తగిలి ఎన్నేళ్ళయిందో అంది.

ఇంటికి నడుస్తూ ఈల వేశాను. పళ్ళు లేకపోయినా వచ్చింది.

మే 11

ఆమె మెడ వెనక ఎర్రగా కమిలింది. మోచేతుల మీద బొబ్బలు. పూసుకుంటూనే ఉన్నా బాబాయ్, ఈ ఏడు ఎండే మరీ ఎక్కువనుకుంటా అంది.

అవునమ్మా, ఈ ఏడు ఎండ ఎక్కువే అన్నాను.

మే 11, సాయంత్రం

మధ్యాహ్నం రాసింది మళ్ళీ చదివాను. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవడానికి మళ్ళీ పార్కుకెళ్ళాను. నీళ్ళు కలపరాదు. ఎనిమిదో లైను. పురుగుమందు వాళ్ళు మొదటి లైన్లోనే పెద్దక్షరాలతో రాస్తారు, నీళ్ళెంతో. వీళ్ళు ఎనిమిదో లైన్లో.

చదవడం వచ్చినవాణ్ణి. చదవలేదు. మిగిలిన క్రీమంతా కలిపినదే.

మే 12

మాస్టారిని అడిగాను, ఆ అమ్మాయికి చెప్పేయనా, ఆఫీసరుకి చెప్పనా అని. పిచ్చా వెర్రా అన్నారు. ఇంకో రెండు వారాలకి ఓటింగు, ఇప్పుడు నోరు జారితే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే, నోరు కుట్టేసుకుని కూర్చో, గెలిచాక అసలు సిసలు క్రీము వస్తుంది, అప్పుడు పూసుకుంటుందిలే అన్నారు. నాకు కావలసిన మాట అదే. పెద్ద చదువు చదివినాయన నోటినుంచి వచ్చింది. గుండెల మీద బరువు దిగింది.

ఆమెకి మాత్రం, క్రీముతో పాటు గుడ్డ కూడా కట్టుకోమ్మా అన్నాను. ఎందుకని అడిగింది. ఊరికేనే అన్నాను.

మే 15

పేపర్లో నా ఫోటో. చెవి కనపడేలా తీశాడు విలేకరి. చెట్టుకు సున్నం, మనిషికి శూన్యం అని హెడ్డింగు. మాస్టారు నాలుగు పేజీల లెక్కలు, గ్రాఫులు ఇచ్చారు. ఒక్క ముక్క వేయలేదు. ఆయన పేరే లేదు. విలేకరికి మీ పేరు చెప్పానని ప్రమాణం చేశాను. బాగుంది బాగుంది అన్నారు. పేపరు నాలుగు మడతలు పెట్టి, దాని మీద కూర్చున్నారు.

మే 20

మాస్టారు మూడు రోజులుగా బెంచీకి రాలేదు. జలుబట.

మే 26, రాత్రి

క్రమంలో రాస్తాను. లేకపోతే రాయలేను.

హాలు నిండింది. మనిషికి మూడు నిమిషాలు. ఊడ్చే అమ్మాయిని నేనే తీసుకెళ్ళాను, ఎండలో పనిచేసేవాళ్ళ తరఫున రెండు మాటలు చెప్పమని. వెనక వరసలో కూర్చుంది. మేనేజరు దువ్వెన జోకు వేశాడు, నవ్వారు. నేను చెట్ల సంగతి చెప్పాను, చప్పట్లు కొట్టారు. ఒక కౌన్సిలరు కళ్ళు తుడుచుకుంది. గెలిచాం అనుకున్నాను.

తర్వాత మాస్టారు. ఇస్త్రీ చొక్కా. నేను ఈ పథకానికి వ్యతిరేకిని కాను అని మొదలుపెట్టాడు. కానీ జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి, తప్పుడు లెక్క మీద ఓటు వేయమనలేను అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఏప్రిల్ పదిహేడు, ఉదయం పదకొండు ముప్పై, సదరు సంరక్షకుడు క్రీములో సగానికి సగం నీరు కలిపినట్టు నా ఎదుట అంగీకరించాడు అని చదివాడు. నలభై లీటర్లు ఏడు వారాలు వచ్చాయన్న మాటే అబద్ధం అన్నాడు.

ముప్పావు అనలేదు. సదరు సంరక్షకుడు.

ఆ రోజు అంత నవ్వు నవ్వి, ఇంటికెళ్ళి రాసుకున్నాడన్నమాట. తేదీ వేసి, టైము వేసి.

అబద్ధం చెప్పి ఉంటే అక్కడే కాలరు పట్టుకునేవాణ్ణి. చెప్పిందంతా నిజం. నోరు కుట్టేసుకోమన్నది మాత్రం చెప్పలేదు. పాలవాడని నన్నన్నాడు గానీ, నిజంలో నీళ్ళు కలపడం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

నిజమేనా అని అధ్యక్షుడు నన్నడిగాడు. నిజమే అన్నాను. రెండోదీ చెప్పి ఉండాల్సింది, మాస్టారే దాచమన్నాడని. నోటిదాకా వచ్చింది. అప్పటికే వెనక్కి తిరిగి చూశాను. ఆ అమ్మాయి చెయ్యి మెడ మీద ఉంది. నా వైపు చూడటం లేదు. మాట్లాడమని ఆమె పేరు పిలిచారు. లేచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది ఓట్లు వద్దని, ఆరు కావాలని.

మే 27

ఏమీ లేదు.

మే 29

పార్కుల్లో ఎండ సమస్య పరిశీలనకి కమిటీ వేశారు. అధ్యక్షుడు మాస్టారు. పేపర్లో ఫోటో ఉంది. గ్రాఫు కూడా వేశారు.

మే 30

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక మూడు రోజులు ఆగి, ఇవాళ వెళ్ళాను. ఆ అమ్మాయి పొదల దగ్గర చెత్త పోగు చేస్తోంది. మెడకి గుడ్డ. నా తప్పేనమ్మా అన్నాను. డబ్బాల్లో వచ్చే మందుల సంగతి, ఇరవై పాళ్ళ నీళ్ళ సంగతి, నా అలవాటు సంగతి, అంతా చెప్పుకొచ్చాను. చీపురు ఆపకుండా విన్నది.

నీళ్ళు కలిపినందుకు కాదు బాబాయ్, నీకు తెలియదు, కలిపావు అంది. ఎండ ఎక్కువన్నావు చూడు, నా మెడ చూస్తూ, అదీ అంది.

ఆ మాట మాస్టారి పుస్తకంలో కూడా లేదు.

జూన్ 1

పెట్టె పీకేశారు. స్తంభానికి నాలుగు బోల్టుల కన్నాలు. తాళం ఇచ్చేశాను. సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

జూన్ 4

పొద్దున్నే పార్కుకి వెళ్ళాను. మాస్టారు బెంచీ మీద ఉన్నాడు. తన కొసన, నీడలో. పేపరు చదువుతున్నాడు. నా కొస ఖాళీ. నేను గేటు దగ్గర నిలబడ్డాను.

పదింటికి నీడ జరిగింది.

ఆయన జరగలేదు. పన్నెండు దాకా చూశాను. నెత్తి మొదట ఎర్రబడింది, తర్వాత కమిలింది.

నేను చెప్పలేదు.