ఎడమ గోడ దగ్గర పియానో

డనీడిన్,
జూలై 9.

చిరంజీవి రోనాకు నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, పిల్లీ. నువ్వూ, అల్లుడూ, చిన్నారి టెస్సా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మోకాలు ఫరవాలేదు. పొయ్యిలోకి కట్టెలు సరిపడా ఉన్నాయి. మటన్ సూపు నేనే కాచుకుంటున్నాను, మీ అమ్మ చేతి రుచి ఎలాగూ రాదు.

"పాటల గదిలో స్పీకర్లు ఇంకా జరుపుతూనే ఉన్నావా?" అని వెక్కిరించావు. నీకు తెలియనిదేముంది? నేలమీద టేపు గుర్తులు, వెనక గోడకు మూడడుగులు, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో వాటికీ నా కుర్చీకీ అంతే. చెక్క నేల కదిలితే సూది ఎగురుతుందని రికార్డు ప్లేయరును గోడకు బిగించిన అరమీద పెట్టాను. అయినా మీ అమ్మ అక్కడ మునివేళ్లమీద నడిచేది. "చర్చిలో కూడా ఇంత భయంగా నడవలేదు బాబూ" అనేది.

ఇక అమ్మ పియానో సంగతి. టెస్సా నేర్చుకుంటానంటోంది, చర్చి హాలువాళ్లను అడిగి వెనక్కి తెప్పించమన్నావు. దీనికి జవాబు రాయలేకే మూడు వారాలు ఆలస్యం చేశాను. అమ్మకు వేళ్ల నొప్పులు వచ్చి తనే ఇచ్చేసిందని నీకు చెప్పాను కదా. అది అబద్ధం. ఇప్పించింది నేను.

ఐదేళ్ల క్రితం చలికాలంలో, స్పీకర్లకు సరిగ్గా మధ్యన వినిపించాల్సిన పాడేవాళ్ల గొంతు కుడివైపుకు జరిగిపోయింది. తీగలు అటూ ఇటూ మార్చాను. స్పీకర్లనే మార్చి చూశాను. అయినా కుడివైపే. అంటే సామాను తప్పు కాదు, గది తప్పని తేల్చేశాను. ఎడమ గోడ దగ్గరున్నది పియానో. ధ్వనినంతా అదే మింగుతోందన్నాను.

"ఓసారి చెవులు చూపించుకోరాదూ ఫెర్గస్?" అంది మీ అమ్మ.

"నలభై ఏళ్లుగా పాటలు విన్న చెవులివి. వీటికేం రోగం?" అని కసిరాను.

"సర్లే మహానుభావా. చెవులు నీవి, పియానో నాది. ఏది ఇంట్లో ఉండాలో నువ్వే చెప్పు."

నేను చెప్పాను.

నలుగురు వచ్చి మోసుకెళ్లారు. నేలమీద మిగిలిన చక్రాల గుర్తుల్ని ఆవిడ తడిగుడ్డతో తుడిచింది. నేను రికార్డు పెట్టాక "ఎలా ఉంది?" అని అడిగింది. గొంతు ఇంకా కుడివైపే ఉంది రోనా. ఒప్పుకోవడానికి నామోషీ వేసి "ఇప్పుడు సరిగ్గా కుదిరింది" అన్నాను. ఆ తర్వాత మూడేళ్లు బతికింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న హాలుకు వెళ్లాను. పైకప్పు కారి, పియానో తడిసి ఉబ్బిపోయిందట. నిరుడే చెత్తదిబ్బకు తోలేశారు.

ఇంకొకటి. పోయిన నెల టెస్సా ఫోనులో పాడినప్పుడు, ఎప్పట్లా కుడి చెవికి కాక ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు. పరీక్షకు వెళ్తే, ఆ చెవి ఆరేడేళ్లుగా పోతూ వచ్చిందన్నారు. పరీక్ష చేసిన అమ్మాయి అడిగింది: "ఇంట్లో ఎవరూ గమనించలేదాండీ? ఎడమపక్క కూర్చున్నవాళ్ల మాట మీకు అందదు కదా?"

భోజనాల బల్ల దగ్గర మీ అమ్మది ముప్పై ఏళ్లుగా నా ఎడమపక్క కుర్చీ, కిటికీ వైపు. పియానో వెళ్లిన కొద్దిరోజులకే లేచి కుడిపక్కకు వచ్చేసింది. "అటు చలిగాలి కొడుతోంది" అంది. నేను కిటికీ సందులన్నీ మూసి ఇక వెళ్లమంటే, "అలవాటైపోయిందిలే" అంది. కారులోనూ స్టీరింగు తనే పట్టింది. నా డ్రైవింగు మీద నమ్మకం లేదనుకుని అలిగాను. నేను స్పీకరు పెట్టెల్ని అంగుళం అంగుళం జరుపుతుంటే, ఆవిడ నాకు వినిపించే చోటికి తనే జరిగింది. నాకు ఏడుపు ఆగడం లేదు తల్లీ.

పియానో ఇక రాదు. దాని స్టూలు మాత్రం ఉంది, ఇన్నాళ్లూ ఆంప్లిఫయరు కింద పెట్టుకున్నాను. టెస్సాకు పంపుతున్నాను. ఒంటి చెవికి గదిలో ఏ మూలైనా ఒకటే గనక టేపు గుర్తులు పీకేశాను.

నీకు కోపం వస్తుంది, రావాలి. ఉత్తరంలో వద్దు, వచ్చి తిట్టు. బల్ల దగ్గర నా కుడిపక్క, అమ్మ కుర్చీలో కూర్చుని తిట్టు. అక్కడినుంచి అయితే ప్రతి మాటా వినిపిస్తుంది.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే
నాన్న