తప్పు రాగి తూటాది కాదు

అమ్మా ఐలీ,

మంగళవారం కొరీ మోర్ లోయలో నేను కొట్టిన ఆడజింక చావకుండా, కాలీడ్చుకుంటూ పారిపోయింది కదా. "ఈ రాగి తూటాలు దండగ" అని మనం వేటపని చేసే ఎస్టేటు వాళ్లకు చెప్పింది నేనే. నా మాట నమ్మి మళ్లీ సీసం తూటాలే తెప్పించారు. "బాబాయ్, సీసం ముక్కలు మాంసంలో ఉండిపోతాయి, పిల్లలు తింటారు" అని నువ్వు మొత్తుకుంటే, "నిన్నగాక మొన్న తుపాకీ పట్టి నాకే నేర్పుతావా?" అని అందరిలో నవ్వాను.

నిజానికి సీసం నుంచి రాగి తూటాలకు మారాక తుపాకీ గురి సరిచూసుకోలేదు. బద్ధకించాను. రేపు ఎస్టేటు వాళ్లకూ చెప్తాను, ముందు నీకు చెప్పాలి.

వానలో రెండు గంటలు వెతికి ఒక్క తూటాతో దాని బాధ తీర్చింది నువ్వు. మెడ నిమిరి "క్షమించు తల్లీ" అన్నావు. ఆ మాట అనాల్సింది నేను.

నీ బాబాయి